నాలుగింటి కరెంట్ కట్

"సాయంత్రం నాలుగింటిలోపు దశరథను పట్టుకోవాలి. ఎదురు తిరిగితే కాల్చెయ్."

పై ఆఫీసరు సాంబమూర్తి ఆ మాటని టీ తెమ్మన్నంత తేలిగ్గా అన్నాడు. ఏజెంట్ తిరుపతి మాత్రం ఆ పేరు విని రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తు వాళ్ల రహస్య ఆఫీసు. కింద షట్టర్లన్నీ దించే ఉన్నాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు. బొగ్గు గనులు కూడా ఆగేసరికి కరెంటూ సరిగ్గా లేదు.

"ఇన్ఫర్మేషన్ ఎవరిచ్చారు సార్?"

"సూర్యప్రభ. మూడేళ్లుగా ఆ విదేశీ ముఠాలో ఉండి మనకి పనిచేస్తోంది. ఇప్పటిదాకా ఒక్క కబురూ తప్పలేదు. ముఠా కంటైనర్లో దొరికిన పొడి ఎక్కడ తయారైందో తేల్చే మెషీన్ ఎల్బీనగర్ ల్యాబ్‌లో ఉంది. నడపగలిగేవాడు దశరథ ఒక్కడే. రేపే టెస్టు. తప్పుడు రిపోర్టిస్తానని ముఠాకి మాటిచ్చాడట." సాంబమూర్తి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అయినా మీ వాళ్లంతా ఇప్పుడు రోడ్ల మీదేగా. ఎవడు ఎటున్నాడో ఎవడికి తెలుసు?"

మీ వాళ్లు! పదకొండేళ్ల సర్వీసు, భుజంలో ఒక తూటా. అయినా తిరుపతి ఇంకా పరాయివాడే. ఒళ్లు మండింది. పైకి మాత్రం "ఎస్ సార్" అన్నాడు. నల్లగొండ నుంచి ట్రంకుపెట్టెతో దిగిన రోజు తనని గదిలో ఉండనిచ్చి ఫిజిక్స్ చెప్పింది ఆ దశరథ సారేనన్న సంగతి మాత్రం కడుపులోనే దాచుకున్నాడు.

ఏసీ మెకానిక్ వేషం, పెట్టుడు మీసం, చొక్కా గుండీలో మైకు, పనిముట్ల సంచిలో సైలెన్సర్ పిస్టల్. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి జనం వండుతున్నారు. తిరుపతి మోపెడ్‌ని సందుల్లోంచి పోనిచ్చాడు.

ల్యాబ్ మెట్ల మీద సూర్యప్రభ ఎదురైంది. పోచంపల్లి పట్టు, నల్లద్దాలు, అత్తరు ఘుమఘుమ.

"వానొచ్చేట్టుంది," అందామె.

"గొడుగు ఇంట్లో మరిచిపోయాను." కోడ్ సరిపోయింది.

"ముఠా మనిషి నాలుగున్నరకి వస్తాడు. అప్పటిదాకా తలుపేసుకుని లోపలే ఉండండి. ఇద్దరూ దొరుకుతారు." నవ్వి దిగిపోయింది.

లోపల దశరథ తలెత్తి చూశాడు. అంతే, వేషం గంగలో కలిసింది.

"తిరుపతివి గదరా నువ్వు! గా మీసమేంది, జారిపోతుంది."

తిరుపతికి నవ్వు రాలేదు. సంచి బరువు భుజాన్ని లాగుతోంది. "సమ్మెకు పోలేదా సార్?"

"పోవాల్నని పాణం కొట్టుకుంటుంది బిడ్డా. గీ మిషన్‌ని ఇడిసిపెట్టి ఎట్ల పోతా? రేపు టెస్టాయె. మా కాలనీ పోరగాండ్లు నన్ను ద్రోహి అంటున్రు." ఆయన గడియారం చూశాడు. "నాలుగింటికి కరెంటు పోతది. పోంగనే నైట్రోజన్ ఇప్పాలె. లేకుంటే పంపుల నూనె ఎదురెక్కి మిషన్ ఖరాబైతది. కరెంటొచ్చేదాక ఇప్పే ఉంచుత, ఎక్కువైన గ్యాసు గదిలకే వస్తది."

మూల కొత్త సిలిండర్ ఉంది.

"ఎప్పుడొచ్చింది సార్ ఇది?"

"పాతది నిన్ననే అయిపోయె. పరేషాన్‌ల ఉంటిని. ఇందాక గా నల్లద్దాల మేడమే కార్ల తెచ్చిచ్చింది."

తిరుపతి బుర్ర చురుక్కుమంది. లారీలు కదలని నెలలో, పాలప్యాకెట్టుకే దిక్కులేని ఊళ్లో, అడక్కుండానే గ్యాస్ సిలిండర్ గుమ్మంలోకా? తెలంగాణలో పుట్టినవాడెవడూ ఇంత తప్పు చేయడు. బందుని లెక్కలోకి తీసుకోనివాళ్లే చేస్తారు.

"ఇది నైట్రోజనేనా?"

"చెక్ చేసిన. ఇగో." తెరమీద ఒకే ఒక్క పీక్, కొండలా లేచిన గీత. "బరువు ఇరవై ఎనిమిది."

"ఇరవై ఎనిమిది బరువున్నది ఇంకేదైనా ఉందా సార్?"

దశరథ ముఖం పాలిపోయింది. "కార్బన్ మోనాక్సైడ్... వాసన గూడ రాదు."

కిటికీలే లేని గది. గడియారంలో మూడూ యాభై రెండు.

దశరథ వేళ్లు చకచకా కదిలాయి. "అయాన్లు దూరే సందు బాగ పెద్దగ పెట్టి చూసిన, అందుకే రెండూ కలిసిపోయినయ్. సన్నగ చేస్తున్న. చూడు, అయాన్లన్నీ ఒక్క వేగంతోని బయల్దేరవు. అయస్కాంతం ఒక్కటే ఉంటే, దూరం తిరిగినోడు బరువున్నోడా, ఉరికెటోడా తెలవదు. అందుకే ముందుగాల కరెంటు పలకల నడుమ ఒక మలుపు. ఉరికెటోడు ఆడ ఎంత పక్కకు పోతడో, అయస్కాంతం కాడ రెండో మలుపుల అంత సర్దుకుంటడు. వేగం తేడా పోయె, ఏటవాలుగ వచ్చిన తేడా పోయె. ఒక్క బరువున్నోళ్లంత ఒక్క గడపకే చేరుతరు. మిగిలేది బరువు తేడా ఒక్కటే."

తెరమీది కొండ మెల్లగా నడుమ చీలింది. 27.995. 28.006. రెండు.

"అయ్యో, తక్కువ బరువుది మోనాక్సైడే," అన్నాడు దశరథ. అంతలోనే కరెంటు పోయింది. రెండు నిమిషాలు ముందే!

పదేళ్ల అలవాటు మనిషి మాట వినదు. చీకట్లో ఆయన చెయ్యి తనంతట తానే సిలిండర్ వాల్వు మీదికి పోయి తిప్పబోయింది. తిరుపతి ఎగిరి మణికట్టు పట్టుకున్నాడు.

"సార్! చచ్చిపోతాం!"

"మిషన్ పోతదిరా!"

"పోతే పోనీ!"

"ఎందుకు పోనిస్తా? గా పంపు వాల్వు పట్టు, చేత్తోని బిగియ్!" ఇద్దరూ చెమటలు కారుతుంటే బిగించారు. చిటికెడు నూనె పొగ తప్ప ఏమీ లోపలికి పోలేదు.

తిరుపతి గుండీలోకి అరిచాడు. "సార్, మనల్ని అమ్మింది సూర్యప్రభే! మాస్టారినీ నన్నూ కలిపి చంపాలని చూసింది. వదలకండి!"

ఆవిడ ఎక్కడికీ పోలేదు, పోలేకపోయింది. కారుకు చౌరస్తాలో వంటావార్పు అడ్డమొచ్చింది. అండాలమ్మ అనే పెద్దావిడ "ఎంతటోళ్లైనా తినకుంట పోనియ్యం" అని కూర్చోబెట్టి విస్తరి వేసిందట. సాంబమూర్తి మనుషులు వెళ్లేసరికి ఆ నల్లద్దాల సుందరి పప్పన్నం ముందు బిక్కమొహం వేసుకుని దొరికింది.

మెట్ల మీద కూలబడ్డ దశరథ చూపు తెరుచుకున్న సంచి మీద పడింది. పిస్టల్ కనబడింది.

"గిది నాకోసమేనా?"

అబద్ధం ఆడే ధైర్యం తిరుపతికి లేకపోయింది. "అవును సార్." కళ్లు నీళ్లతో నిండాయి.

ఫోన్ మోగింది. సాంబమూర్తి. "భేష్ తిరుపతీ! దశరథగారిని రేపు పొద్దున్నే టెస్టు మొదలుపెట్టమను. దేశం ఆయన మీద నమ్మకం పెట్టుకుంది."

దశరథ లేచి చొక్కా దులుపుకుని చౌరస్తా వైపు నడిచాడు. నాలుగడుగులేసి వెనక్కి తిరిగాడు. "రేపటికి మీ సార్‌నే నడుపుకోమను. ఇయ్యాల్టి సంది నేను గూడ సమ్మెల ఉన్న."