మూడు వేళ్ళ గుర్తు

చింతలగండి రాజ్యానికి శత్రురాజుల వల్ల ఎన్నడూ భయం లేదు. భయమంతా వెన్నేటితోనే. ఆ నది ఊళ్ళ మీద పడకుండా ఒక పాత కరకట్ట అడ్డుగా ఉండేది. ఒక ఏడు శ్రావణమాసంలో ఆ కట్టకు గండి పడింది. మేస్త్రీలు పగలంతా పూడ్చడం, తెల్లవారేసరికి అది మళ్ళీ నోరు తెరవడం! పెద్దమేస్త్రి వీరభోజుడు నాలుగు రోజులు గుండెలు బాదుకుని, ఐదో రోజున, "ప్రభూ, నా పనితనంలో లోపం లేదు. ఇదంతా గుల్లపాడు వాళ్ళ కల్తీ సున్నం వల్ల!" అన్నాడు. నెపం వేయాలంటే పేదవాళ్ళ నెత్తి ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది కదా!

రాజు జయసేనుడు ఆ మాట నమ్మాడు. గుల్లపాడు పెద్ద రాయప్పను చెరలో వేయించి, "పౌర్ణమి నాటికి కట్ట నిలవకపోతే గుల్లపాడు ఊరంతా నా రాజ్యం విడిచిపోవాలి" అని చాటింపు వేయించాడు.

గుల్లపాడు వాళ్ళు నత్తగుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ళు, యేసుప్రభువును కొలిచేవాళ్ళు. రాజుగారి మేడలన్నీ వాళ్ళ సున్నంతోనే మెరిసేవి. వాళ్ళు ప్రార్థన చేసుకునేది మాత్రం తాటాకు పందిరి కింద. "మీకు గుడైనా లేదేమర్రా!" అని పట్నంవాళ్ళు ఎకసెక్కం చేస్తే పాపం, తలలు వంచుకునేవాళ్ళు.

రాయప్ప కూతురు శౌరమ్మకు పద్నాలుగేళ్ళు. తల వంచడం ఆ పిల్లకు చేతకాదు. "నాయనమ్మా, మన సున్నంలో కల్తీ ఉందంటే నేనొప్పుకోను. ఆ కట్ట సంగతేందో చెప్పు" అని ముసలి ఇన్నాసమ్మను నిలదీసింది.

"మనకీ ఒక పెద్ద గుడి ఉండేదంట, ఏటికి ఎగువన అడివిలో. వరదకి కొట్టుకుపోయిందంటారు. దాని పక్కనే మనోళ్ళ సమాధులుండేయంట. ఆ కట్ట మీద మనోళ్ళకీ ఏటి రక్కసికీ ఏదో ఒట్టుందని మా అత్త అనేది. ఆ సంగతి ఆడికి పోతేగానీ తెలవదు తల్లీ. దోవ ఎరిగినోళ్ళెవరూ మిగల్లేదు" అంది ఇన్నాసమ్మ కళ్ళొత్తుకుంటూ.

శౌరమ్మ గంపలో కాల్చిన సున్నపు గడ్డలు, ఒక నార కుంచె, చిన్న ముంత పెట్టుకుని, తడవకుండా తాటాకు కప్పి, మా నాయనను విడిపించుకునే వస్తానని చెప్పి బయలుదేరింది.

అడవి మొదట్లోనే బొర్రయ్య అనే రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చున్నాడు. ముందు గంజికుండ, పక్కన ఖాళీ గంగాళం. "మూడు రోజుల ముసురు! ఒక్క పుల్ల అంటుకుంటే ఒట్టు! నిప్పు లేకుండా నా గంజి వేడిచెయ్యి, లేదా నిన్ను చల్లగానే తినేస్తాను" అని గర్జించాడు.

శౌరమ్మ గంప కిందికి దించింది. "అంతేనా మామా! దానికింత అరుపెందుకు?" అంది. గంగాళంలో నీళ్ళు పోసి, సున్నపు గడ్డలు కొన్ని అందులో వేసి, గంజికుండను మధ్యలో దించింది. నీళ్ళు బుసబుసమని కుతకుత ఉడికాయి. కుండలో గంజి పొగలు కక్కింది. బొర్రయ్య కళ్ళు తేలేసి, "తల్లీ, నువ్వు మాంత్రికురాలివా?" అన్నాడు. "కాదు, సున్నపోళ్ళ పిల్లను" అంది శౌరమ్మ. ఆ మాట అలా దర్జాగా చెప్పడం తనకు అదే మొదటిసారి.

రాక్షసుడు దారి వదిలాడు. కానీ లోపల అంతా ముళ్ళకంపలు, ఊడలు. సమాధులు ఎక్కడని వెతకడం? వెతికి వెతికి కాళ్ళు పీకి కూలబడిన శౌరమ్మకు తడి ఆకుల మీద నత్తలు బారుగా పోతూ కనిపించాయి. సున్నమున్న మన్ను ఎక్కడుంటే నత్తలు అక్కడ చేరతాయని సున్నపు బట్టీల దగ్గర పెరిగిన పిల్లకు వేరే చెప్పాలా? చటుక్కున లేచి ఆ బారు వెంట నడిచింది.

కొంతదూరం పోయేసరికి ఎద్దంత నత్త ఒకటి అడ్డం వచ్చింది. "ఆగవే! మా గుల్లలు కాల్చే జాతిదానివి. నీకెందుకు దారివ్వాలి?"

"తాతా, ఏరిన ప్రతి గుల్లనూ నీళ్ళలో ముంచి చూస్తాం. లోపల ప్రాణం కదిలిందా, తీసుకుపోయి గట్టున వదులుతాం. ఖాళీదైతేనే బట్టీలో వేస్తాం. ఇది మా తాతముత్తాతల నుంచీ వస్తున్న కట్టడి."

"చెప్పడానికేం, ఎన్నయినా చెబుతావు! ముందు నీ గంపంచు చూసుకో."

చూస్తే గంప అంచున గోరంత నత్తపిల్ల ఒకటి సున్నం వైపు జారుతోంది. అది సున్నంలో పడితే మాడిపోతుంది. శౌరమ్మ అదిరిపడి, దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా ఎత్తి తడి ఆకు మీద వదిలింది. పెద్దనత్త తృప్తిగా కొమ్ములాడించి, "వెళ్ళమ్మా, నీ పెద్దవాళ్ళు ఆ కంప వెనకే ఉన్నారు" అంది.

కంప తొలగిస్తే పందొమ్మిది సమాధులు బయటపడ్డాయి. పక్కన గుడి పునాది రాళ్ళు మాత్రం ఉన్నాయి. గోడల జాడ లేదు. ప్రతి సమాధి ఇటుక మీదా మూడు వేళ్ళతో గీసిన గుర్తు ఉంది. శౌరమ్మ వంగి దాన్ని తడుముతుండగా, ఏటిలోంచి నురుగు జడలు విరబోసుకుని జలరక్కసి లేచింది.

"మా గుడిని మింగింది నువ్వేనా?" అని శౌరమ్మ మండిపడింది.

రక్కసి పకపకా నవ్వింది. "నేను మింగలేదే పిల్లా! ఆనాడు కట్ట తెంచి ఊళ్ళ మీద పడబోతే, మీవాళ్ళే ఈ మూడు వేళ్ళ గుర్తున్న తమ గుడిని ఇటుక ఇటుక విప్పి నా నోట్లో కుక్కారు. పందొమ్మిదిమంది నీళ్ళలో నిలబడి, ప్రాణాలు పోయినా కదల్లేదు. అంతటి మనుషులను నేనెక్కడా చూడలేదు. సున్నం చేతబట్టి వీళ్ళ పేర్లు పిలిచేవాళ్ళున్నంత కాలం ఆ ఇటుకలను తాకనని ఒట్టేశాను. మూడు తరాలుగా పిలిచిన దిక్కేది?"

శౌరమ్మకు ఏడుపు పొంగుకొచ్చింది. దానితోపాటే ఛాతీ కూడా పొంగింది. సమాధుల పండుగనాడు పేరు పిలిచి సున్నం వేయడం వాళ్ళ ఊరి ఆచారమే. కానీ ఈ సమాధుల తలరాళ్ళ మీద అక్షరాలు అరిగి కనిపించడంలేదు. శౌరమ్మ ముంతలో సున్నం కలిపి రాతికి దట్టంగా పూసి, పైపైన కొంగుతో తుడిచింది. చెక్కిన గాడిలో సున్నం నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. "ఇన్నయ్యా! బాలశౌరీ! తోమాసూ!" అంటూ అడవి మారుమోగేలా పిలిచింది. పందొమ్మిదో రాతిని తుడిచేసరికి చేయి ఆగిపోయింది. దాని మీద ఇలా ఉంది: 'శౌరమ్మ. కట్ట నిలిచేదాకా గంట కొట్టినది.'

తన పేరు ఎవరి పేరో శౌరమ్మకు అప్పుడు తెలిసింది. ఆ పేరును అన్నిటికన్నా గట్టిగా పిలిచింది.

రక్కసి తల వంచింది. "నా ఒట్టు నిలబెట్టుకుంటాను. అయితే అది ఆ ఇటుకలున్నంత మేరకే. మీ మేస్త్రి వాటిని పీకి పారేస్తున్నాడు, చూసుకో" అని మునిగిపోయింది.

పౌర్ణమినాటి మధ్యాహ్నానికి శౌరమ్మ రొప్పుతూ కట్ట చేరింది. రాజు అక్కడే ఉన్నాడు. వీరభోజుడు 'దిష్టి గీతల ఇటుకలు' అని తీసి పారేసినవి గుట్టగా పడి ఉన్నాయి. ప్రతిదాని మీదా అవే మూడు వేళ్ళు! శౌరమ్మ జరిగినదంతా రాజుకు చెప్పింది. రాజు సరేననగానే గుల్లపాడు జనం పరుగున వచ్చి, ఆ ఇటుకలనే తమ సున్నంతో గండిలో పేర్చారు. మర్నాడు పొద్దెక్కినా కట్ట చెక్కు చెదరలేదు. వీరభోజుడి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు!

రాజు రాయప్పను కట్ట మీదికి రప్పించి, స్వయంగా సంకెళ్ళు విప్పి, ఊరివాళ్ళందరి ముందూ తన తప్పు ఒప్పుకున్నాడు. తరువాత శౌరమ్మతో, "అమ్మాయీ, మీకు బంగారు శిఖరంతో గొప్ప గుడి కట్టిస్తాను" అన్నాడు.

"మాకు గుడి ఉంది మహాప్రభో" అంది శౌరమ్మ తలెత్తి. "తమరు దాని మీదే నిలబడి ఉన్నారు."

రాజు ఒక్క క్షణం కిందికి చూసి, గబగబా పాదరక్షలు విప్పి చేతపట్టుకున్నాడు. ఆయన వెనక మంత్రులు, సేనాపతులు, చివరికి వీరభోజుడూ విప్పారు.

అడవిలో సమాధులదాకా బాట పడింది. ఏటా అక్కడ పందొమ్మిది పేర్లూ మోగుతూనే ఉన్నాయి. చింతలగండిలో ఎంత గొప్పవాడైనా సరే, కట్ట మీద ఆ చోటికి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాడు. గుల్లపాడు పిల్లలు మాత్రం తలలెత్తుకుని నడుస్తారు.