ఓర్చుకోమన్న గొంతు

ఆ వార్డులో కిటికీ పక్కన మూల కుర్చీ ఒకటుంది. అందులో కూర్చోవడం కంటే పొద్దుగూకేదాకా నిలబడటమే నయమనేవాళ్లు.

క్యాన్సర్ మందు నరంలోకి ఎక్కించే వార్డు అది. మిగతా కుర్చీల్లో జనం కునుకు తీస్తారు, కబుర్లు చెప్పుకుంటారు. ఆ మూల కుర్చీలో మాత్రం చీకటి పడ్డాక... చేతిని నిప్పులాంటిదేదో పట్టుకుంటుందట. చెవి వెనక ఎవరో గుసగుసలాడతారట. అక్కడ కూర్చున్న ఇద్దరికి చెయ్యి పుండుపడి నెలల తరబడి మానలేదు. మరి అరవలేదేం అంటే — అరవొద్దంది ఆ గొంతు, అన్నారట.

ఇదంతా మా పిన్ని చెప్పింది. పిన్ని బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక నుంచి "రైట్!" అందంటే డ్రైవరు ఉలిక్కిపడాల్సిందే. ఆవిడకి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ అయింది. ఇక ఇంజెక్షన్లు.

మొదటిసారి వెళ్లేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి... ఆ ఒక్కటి తప్ప.

"వద్దే, రేపొద్దాం," అన్నాడు బాబాయి.

"దెయ్యమైతే నాకేంటి? టికెట్ కొట్టి తర్వాతి స్టాపులో దింపేస్తా," అని పోయి కూర్చుంది.

మందు కలిపి తెచ్చేసరికి చీకటి పడింది. నర్సు చేతులకి గ్లౌజులు, ఒంటికి పొడుగు గౌను. సంచిలో ఎర్రటి మందు. అది చూసి పిన్ని మొహం పక్కకి తిప్పేసుకుందని బాబాయి అంటాడు. పిన్ని ఒప్పుకోదు.

నర్సు సూది పెట్టి, అది నరంలోనే ఉందో లేదో రక్తం వెనక్కి లాగి చూసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"అక్కా, ఈ మందు నరంలో పోతే మేలు చేస్తుంది. పక్కకి కారిందా, కండని కాల్చేస్తుంది. చెయ్యి కదపకు. మంట పుట్టినా, ఉబ్బినా, గుంజినా ఆ క్షణమే పిలువు. ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, హడలిపోకు, అది మందు రంగు. వాంతులకి మాత్రలిస్తా. జుట్టు ఊడుతుంది. జ్వరం వస్తే మాత్రం తెల్లారనీ అని ఆగొద్దు, వెంటనే వచ్చెయ్."

"జుట్టు పోతే పోనీ, పొద్దున్నే జడేసుకునే పని తప్పుతుంది," అంది పిన్ని.

బాబాయిని బయటికి పంపేశారు. మందు దిగడం మొదలైంది. చుక్క... చుక్క...

కాసేపటికి వార్డు అవతలి చివర ఎవరో భళ్లున వాంతి చేసుకున్నారు. నర్సు అటు పరిగెత్తింది.

అప్పుడు —

మణికట్టు మీద వేడి. ఎవరో వేలు ఆనించినట్టు. ఆ వేడి అరచెయ్యంత అయింది. ఆపైన నిప్పుకణిక పెట్టి నొక్కుతున్నట్టు...

పిన్ని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే, తల వెనక, గోడలోంచి —

"ఓర్చుకో తల్లీ... ఓర్చుకో..."

తిరిగి చూసింది. గోడ. గాలి కోసం పెట్టిన చిన్న జాలీ. మనిషి లేడు.

"అరవకు... మంచిదానివి కదూ... కొంచెమే... అయిపోతుంది..."

ఎంత మెత్తటి గొంతో! "నిజం చెప్తున్నా, ఇంకాసేపు విని ఉంటే నేనూ నోరు మూసుకునేదాన్నే," అంది పిన్ని. ఆ మాట ఆవిడకి కొత్తా ఏమన్నా? గడ్డ చేతికి తగిలిందంటే అత్తగారు ఓర్చుకోమంది. సెలవడిగితే డిపోలో ఓర్చుకోమన్నారు. పుట్టినప్పటి నుంచీ అందరూ అంటున్నదే... ఆఖరికి దెయ్యం కూడానా!

అంతే, భయం ఎటు పోయిందో, పిన్నికి తిక్క రేగింది.

"ఓర్చుకోను!"

వార్డు దద్దరిల్లింది.

"ఓర్చుకోనంటే ఓర్చుకోను! ఎవడ్రా నువ్వు? చెయ్యి కాలిపోతోంది ఇక్కడ! సిస్టర్, మందు ఆపు!"

గోడ అవతల ఏదో ధడేల్మని పడింది. తర్వాత... చప్పుడు లేదు.

నర్సు ఒక్క ఉరుకున వచ్చి మందు ఆపేసింది. సూది పక్కన చర్మం ఉబ్బి కమిలిపోయి ఉంది. సూది వెంటనే పీకలేదు. దాంట్లోంచే, వచ్చినంత మందు వెనక్కి లాగేసింది. అప్పుడు సూది తీసి, చల్లటి ప్యాకు పెట్టి, ఉబ్బు పెరిగితే తెలిసేలా చుట్టూ పెన్నుతో గీత గీసి, డాక్టరుకి కబురు పెట్టింది.

"ఎంతసేపయింది అక్కా?"

"ఇప్పుడే."

"మంచిపని చేశావు. ఏ కుర్చీలోనైనా సూది జారొచ్చు. అక్కడివాళ్లు పిలుస్తారు. ఇక్కడ కూర్చున్నవాళ్లే ఎందుకో..." నర్సు జాలీ వైపు చూసింది.

పిన్ని చెయ్యి కొన్నాళ్లు ఎర్రగా ఉండి, పొట్టు రాలి, మానింది. జుట్టు ఊడింది, నోరు పూసింది, అయినా మిగిలిన ఇంజెక్షన్లన్నీ పట్టుబట్టి ఆ మూల కుర్చీలోనే చేయించుకుంది. బోడితల మీద టోపీ పెట్టుకుని మళ్లీ బస్సెక్కింది.

ఇంతకీ ఆ గొంతు సంగతి...

ఆ రాత్రి నర్సు ఇంకా గీత గీస్తుండగానే వార్డు తలుపు ధన్‌మని తెరుచుకుంది. తెల్లకోటు మనిషి ఒకడు — ఒక కాలికే చెప్పు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సిస్టర్! మా రక్తం తీసే గదిలో... గోడలో... ఆడదెయ్యం! ఓ పాపకి రక్తం తీస్తూ ఓర్చుకో తల్లీ అంటుంటే — ఓర్చుకోను, ఎవడ్రా నువ్వు అని నన్ను తిట్టింది!"

అతని వెనకే, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ ఓ చిన్నపిల్ల వచ్చింది. పిన్నిని ఎగాదిగా చూసింది.

"నేనూ అదే అన్నా," అంది. "ఈయనకి వినపడలేదు."