చివరి పాప ఫుట్‌పాత్ ఎక్కేదాకా

"ముందా చెయ్యి దించండి!"

దేవకృప టీచర్ నాతో అన్న మొట్టమొదటి మాట అది. నేనేం పాపం చేశానని? బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయల ఆటో తోలుకొస్తూ, సైనిక్‌పురిలో వాళ్ల బడి ముందు మర్యాదగా ఆపాను. "పోండి బిడ్డా" అని పిల్లలకు చెయ్యి ఊపాను. అంతే, ఎర్ర స్టాప్ బోర్డు పట్టుకుని మీదికొచ్చేసింది.

"ఏందీ మేడమ్? ఆగినా తప్పేనా?"

"ఆగడం మీ పని. పిల్లల్ని దాటించడం నా పని. మీరు ఆగారని మీ వెనక బైకు కూడా ఆగుతుందా?"

అంటుండగానే ఒక బైకు నా పక్కనుంచి రయ్యిమని దూసుకుపోయింది. ఆమె ముందే అడ్డం నిలబడబట్టి పిల్లలు కదల్లేదు. నేను గబుక్కున చెయ్యి దించేశాను.

రోడ్డుకు రెండో పక్క నిలబడడానికి బడిలో మనిషి లేడట. మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

"ఆ పక్క నేను నిలబడతా మేడమ్. జెర నేర్పుండ్రి."

నేర్పింది. రోడ్డు మీదికి ముందు మనం దిగాలి. బండ్లన్నీ ఆగాకే పిల్లల్ని పిలవాలి. చివరి పాప ఫుట్‌పాత్ ఎక్కేదాకా, ఎవరేమన్నా సరే, బోర్డు దించకూడదు.

నెల గడిచినా బోర్డు నా చేతికివ్వలేదు.

"ఎప్పుడిస్తరు మేడమ్?"

"మీరు రోడ్డును చూసినప్పుడు. ఇప్పటిదాకా నన్నే చూస్తున్నారు."

దొరికిపోయాను. ఇక దాచడమెందుకని, "మిమ్మల్ని పెళ్లి చేసుకుంటా" అనేశాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"ఆదివారం వచ్చి మా నాన్నగారిని అడగండి, మధుసూదన్. నేను ముందే చెప్పి చూశాను, ఆయనకిష్టం లేదు. కూరగాయల బండి, పైగా మన చర్చి కూడా కాదంటున్నారు. ఆయన కాదంటే నేను చేసుకోను."

వాళ్ల నాన్న ఏసురత్నంగారు మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్క మాట మీదే నా బతుకంతా ఆగింది.

శుక్రవారం కుండపోత వాన. ఆ వారమే బోర్డు నా చేతికొచ్చింది. ఎత్తి పట్టుకున్నాను. పాత స్కూటర్ ఒకటి సరిగ్గా నా ముందు ఆగింది.

"మా నాన్న!" అంది దేవకృప, అటు పక్క నుంచి.

అదే సమయానికి రోడ్డు మధ్యలో రెండు జడల పాప చెప్పు నీళ్లలో ఊడింది. దేవకృప పరుగెత్తింది. స్కూటర్ హారన్ మోగింది.

"దించవయ్యా బోర్డు! తడిసి ముద్దవుతున్నా!"

"జెర ఆగుండ్రి సార్. ఇంకా ఒక పాప ఉన్నది."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. అందుకే మస్తు భయమైతున్నది. అయినా దించ."

పాప చెప్పు దొరికింది. దేవకృప తొడిగింది. ఇద్దరూ ఫుట్‌పాత్ ఎక్కారు. అప్పుడు దించాను.

స్కూటర్ కదల్లేదు.

"ఆదివారం వస్తానన్నది నువ్వేనా?"

"అవును సార్."

"రావద్దు."

నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆదివారం దాకా ఎందుకు? ఈ సాయంత్రమే మీ అమ్మను తీసుకుని రా," అని స్కూటర్ ముందుకు పోనిచ్చారు.

సంతోషం పట్టలేక అటు పరుగెత్తబోయాను.

"ఆగండి! ముందు రెండు పక్కలా చూడండి!" అని అరిచింది దేవకృప, తడిసిన మొహమంతా నవ్వుతో.

రెండు పక్కలా చూశాను. తర్వాత ఆమెను చూశాను.