దేవమ్మ జీతంలో కోత

పొద్దున్నే కిష్టారెడ్డిపేట మలుపులో కంపెనీ బస్సు ఆగింది. కూతురు రుచిత మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని దేవమ్మ పరుగెత్తింది. అప్పటికే ఆ పిల్ల వెనక సీట్లో కూర్చుంది. డ్రైవర్ యాదన్న డబ్బా అందుకుంటూ, "అక్కా, ల్యాబుల కొలువిస్తే వద్దన్నదట నీ బిడ్డ. గిట్ల ఎవరన్న చేస్తరా?" అన్నాడు.

బస్సు కదిలింది. కెమిస్ట్రీ చదివి, మూడేళ్లుగా బొల్లారం మందుల కంపెనీలో డబ్బాలకు చీటీలు అంటిస్తోంది రుచిత. ల్యాబు అద్దాల పక్కనుంచి పోయేటప్పుడు కావాలనే మెల్లగా నడుస్తానని ఒకసారి తనే చెప్పింది. ఆ అద్దాల వెనక తెల్లకోటులో బిడ్డను చూసుకోవాలని దేవమ్మకు ఎంత ఆశో.

సాయంత్రం రుచిత చెప్పులు విడవకముందే దేవమ్మ అడిగింది. "ఎందుకు వద్దన్నవ్?"

"జీతం ఇరవై ఒక్క వేలు దాటుతదమ్మా. దాటితే ఈఎస్ఐ దవఖాన కార్డు పోతది."

"పోతే పోనీ."

"నీ ఇన్సులిన్ దాని మీదనే వస్తున్నది. నా జీతంల కోసేది నూటయాభై, దానికి నాలుగింతలు కంపెనీ కడ్తది. ల్యాబుల చేరితే వేరే బీమా. నీ పేరు పెడితే సగం మనమే కట్టాలె. అదిగూడ ఆస్పత్రిల పండితేనే ఇస్తరు, సూదులకియ్యరు. పెరిగిన జీతం దాంట్లనే పోతది."

"అంటే నీకు నేనే అడ్డం పడ్డ."

"నేనట్ల అన్ననా? ల్యాబు లేకున్నా బతుకుత. నువ్వు లేకుంటే ఎట్ల బతకాలె?"

ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు బస్సు ఆగగానే కూతురికంటే ముందు దేవమ్మే ఎక్కింది. రుచిత తెల్లబోయింది. "నువ్వెక్కడికి?"

"మీ క్యాంటీనుకు. కూరగాయలు కోసే మనిషి కావాలన్నరట, మొన్న యాదన్న చెప్పిండు. నా పేరు మీదనే కార్డు చేస్తరు."

"కాళ్లు వాస్తున్నయని నేనే గదా నీతోని పని మాన్పించిన."

"కూసోని చేసే పనే బిడ్డా. ఇంట్ల కూసుంటే వాస్తలేవా? ఇన్నేండ్లు నీ కార్డు మీద బతికిన, ఇగ నా కార్డు మీద బతుకుత. ల్యాబు కొలువింక ఎవరికియ్యలేదట, నువ్వు పోయి ఆ కోటు తొడుక్కో."

రుచిత తల్లి భుజంలో మొహం దాచుకుంది. బొల్లారం వచ్చేదాకా ఎత్తలేదు.

నెల తిరిగింది. క్యాంటీను పని ముగించుకుని వస్తూ దేవమ్మ ల్యాబు అద్దం ముందు ఆగి, తన మొదటి జీతం చీటీని తలకిందులుగా అద్దానికి ఆనించింది. చదువు రాని మనిషి, ఆమెకేం తెలుసు. లోపల తెల్లకోటులో ఉన్న రుచిత మెడ వంచి చదివింది.

ఈఎస్ఐ కోత పడిందా అని కళ్లతోనే అడిగింది తల్లి.

పడిందన్నట్టు తల ఊపింది కూతురు. జీతం కోస్తే సంబరపడ్డ మనుషులు ఆ కంపెనీలో ఆ ఇద్దరే. అద్దానికి ఇటూ అటూ నిలబడి, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు.