జామతోటలో జారిన మాట

పొద్దున్న పదిన్నరకి సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు చప్పుడు చేసింది. మొక్కల శాస్త్రవేత్త తన లేబొరేటరీ నేల మీద కూలిపోయాడు. తలుపు ఎవరూ పగలగొట్టలేదు. హంతకుడికి ఆయనే గడియ తీశాడు, పాపం!

మూడో రోజు చీఫ్ ఫైల్ మూసి ఎదురుగా ఉన్న ఏజెంట్ వైపు చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో అతణ్ని అందరూ నత్త అంటారు. నెమ్మదిగా వెళతాడు, పట్టుకున్నది వదలడు.

"పోయింది మీ అన్నయ్య. రూల్ ప్రకారం నిన్ను పంపకూడదు."

"పంపకపోతే సెలవు పెట్టి వెళతాను సార్."

"తెలుసు. విను. ముట్టడిలో ఉన్న రేవు పట్టణం. ఆస్పత్రిలో నాలుగొందలమంది పిల్లలు, సి విటమిన్ లేక చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. వాళ్లకి జామకాయలు కావాలి. పడవ చేరడానికి పద్దెనిమిది రోజులు. మామూలు కాయ వారానికే కుళ్లిపోతుంది. మీ అన్నయ్య కలబంద గుజ్జు, ఆకుల రసాలతో ఒక స్ప్రే తయారుచేశాడు. కోతకి పదిహేను రోజుల ముందు చెట్టు మీదే వాడితే కాయ గట్టిగా ఉండి, పాతిక రోజులు నిలుస్తుంది. ఉన్నది ఒకే డ్రమ్ము. టైమ్, రేపు సాయంత్రం."

"అన్నయ్యని చంపిన ముఠా ప్లాన్?"

"డ్రమ్ము కాజేసి, దాని చోట విషం పెట్టడం. వాసన రాదు, తొక్కలోకి ఇంకిపోతుంది. జామకాయ తొక్క తీసి తినేవాళ్లు ఎవరున్నారయ్యా?"

నత్త లేచి నిలబడ్డాడు.

"తోటలో మన డబుల్ ఏజెంట్ ఉంది, తెలుగు రైతు బిడ్డ. వాళ్ల ఉప్పు తింటూ మన పని చేస్తోంది. నువ్వు 'గాలి ఎటుంది?' అనాలి. జవాబు, 'ఆకు కదలట్లేదు'."

మర్నాడు నత్త పంపు మెకానిక్ వేషంలో తోటకి చేరాడు. ఒంటి మీద చమురు మరకల చొక్కా, జేబులో పిస్టల్, రెంచీ పిడిలో ట్రాన్స్‌మిటర్. గేటు దగ్గర వదిన నిలబడి ఉంది. భర్త పోయిన నాలుగో రోజుకే ఆయన పని తను నెత్తిన వేసుకుంది.

"వచ్చావా మరిదీ? ఆయన ఉన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచాం నిన్ను!"

నత్తకి ఏడుపొచ్చింది. తలెత్తలేకపోయాడు.

డబుల్ ఏజెంట్ కూలీల మేస్త్రి వేషంలో ఉంది. క్లబ్బుల్లో మంత్రుల్ని కొంగున ముడేసుకున్న అందగత్తె ఇప్పుడు తలగుడ్డతో, పగిలిన మడమలతో బురదలో నిలబడింది. మేకప్ అంటే అదీ! మాటలో క్లబ్బుల యాస మచ్చుకైనా లేదు.

"గాలి ఎటుంది?"

"ఆకు కదలట్లేదు. డ్రమ్ము భద్రం, రాత్రంతా కాపలా కాశా."

సీలు చెక్కుచెదరలేదు. నత్త గుండెల మీది బరువు దిగింది.

ఎండ చల్లబడ్డాక పంపు స్టార్టయింది. కూలీలు స్ప్రే గన్నులు పట్టుకుని వరసల్లోకి వెళ్లారు. మేస్త్రి గట్టిగా అరిచింది.

"పండ్లన్నీ తడవాలి! ఒక్క పండు కూడా వదలొద్దు!"

వదిన గిరుక్కున తిరిగింది.

"మరిదీ! పదేళ్లుగా తోటల్లోనే ఉన్నానంది ఈవిడ. కోతకే ఇంకా పదిహేను రోజులుంటే పండ్లంటుందేమిటి? మా వాళ్లలో ఒక్కరి నోట ఆ మాట రమ్మను చూద్దాం. అవి కాయలు!"

రైతు బిడ్డ కాదు, ఇది పుస్తకాల్లో నేర్చిన తెలుగు! ఆమె మాతృభాషలో కాయకీ పండుకీ ఒకటే మాట.

పైపు ఉబ్బుతోంది. మొదటి గన్ను కొమ్మ వైపు లేచింది. నత్త జీవితంలో మొదటిసారి పరిగెత్తి, వాల్వు మీద పడి తిప్పేశాడు. గన్ను మూతి నుంచి ఒక్క చుక్క నేల మీద రాలింది.

మేస్త్రి చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. అందులోంచి బుల్లెట్ వచ్చి నత్త ఎడమ చెయ్యి చీల్చుకుపోయింది. రెండోది రానివ్వకుండా నత్త కాల్చాడు. కూలీలు చెల్లాచెదురుగా పారిపోయారు.

"మొన్న నా పక్కన కూర్చుని నా కన్నీళ్లు తుడిచావు కదే!" అంది వదిన.

"ఆయన కూడా నమ్మాడు. నవ్వుతూ తలుపు తీశాడు," అంది ఆమె. తర్వాత ఊపిరి ఆగిపోయింది.

అసలు డ్రమ్ము ఆమె జీపులో, టార్పాలిన్ కింద దొరికింది. వదిన మూత తీసి, వేలు ముంచి జిగురు చూసింది. వాసన చూసి భోరుమంది.

"ఇదే మరిదీ. ఆయన చొక్కాలన్నీ ఈ వాసనే."

అరగంట వెలుగుంది. ఇద్దరూ పంపు, పైపులు రెండుసార్లు కడిగారు. వదిన చీర చెంగు చింపి అతని చేతికి కట్టి, రెండో చేతిలో గన్ను పెట్టింది.

"ఆకు అడుగున కూడా పడాలి. కానీ."

చీకటి పడుతుండగా రెంచీ గుర్రుమంది.

"నత్తా, రిపోర్ట్!"

"మేస్త్రి శత్రువే సార్, పోయింది. డ్రమ్ము దొరికింది."

"శభాష్! ఇప్పుడేం చేస్తున్నావ్?"

"వదినా నేనూ మందు కొడుతున్నాం సార్."

అవతల నిట్టూర్పు వినిపించింది.

"మీ బాధ నాకు అర్థమవుతుందయ్యా," అన్నాడు చీఫ్ మెల్లిగా. "కానీ ఆవిడకి కొంచెం తక్కువ పొయ్యి."