వెనక్కి జరుగుతున్న బరువు

బండి తోక ఊగుతోంది.

ఎడమకి... కుడికి... మళ్లీ ఎడమకి.

యాదలక్ష్మి చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. విజయవాడ బస్సు గాలి తగిలి ఊగిందేమో అనుకుంది. బస్సు ఎప్పుడో దాటిపోయింది. ఊగడం ఆగలేదు.

రాత్రి ఎనిమిదీ పది. హయత్‌నగర్ దాటింది. చైతన్యపురిలో లేడీస్ హాస్టల్ గేటు తొమ్మిదికి మూసేస్తారు.

పికప్ వెనక బత్తాయి క్రేట్లు. వాటి మీద టార్పాలిన్. క్యాబిన్ రేకుకు ఆనుకుని, క్రేట్ల నడుమ, ఒక మనిషి ముడుచుకునేంత ఖాళీ.

అందులో మౌనిక. ఒక్కగానొక్క బిడ్డ.

బాటసింగారం పండ్ల మార్కెట్లో గేటు పాసులు రాసే పిల్ల. అక్కడి షెడ్డు ఓనరే ఒకతన్ని పొడిచి చంపుతుంటే కళ్లారా చూసింది. రేపు పొద్దున కోర్టులో ఆ మాట చెప్పాలి. ఈ ఒక్క రాత్రి గడవాలి. మూడు వందల మంది ఆడపిల్లలున్న హాస్టల్లో ఒక పిల్లను ఎవరు వెతికి పట్టుకుంటారు?

అదీ యాదలక్ష్మి ఆశ. భయం మాత్రం దానికి పదింతలు.

వెనక రేకు మీద వేలితో కొడుతుంది. టక్, టక్.

అవతలి నుంచి... టక్, టక్.

బతికే ఉంది.

పక్క సీటు ఖాళీ. దాని మీద మట్టయ్య తువ్వాల. మొగుడు పోయి మూడేళ్లయినా తీయబుద్ధి కాలేదు. ఈ బండి నడపడం నేర్పింది ఆయనే. ఆయనుంటే అడిగేది. ఫోను నిండా పండ్ల బేరగాళ్ల నంబర్లు. ఆపదొస్తే కొట్టదగ్గ నంబరు ఒక్కటే.

సీతారాములు. హమాలీల మేస్త్రి. మట్టయ్య దోస్తు. సాయంత్రం క్రేట్లు పేర్చి, తాడు కట్టింది ఆయనే. మౌనిక సంగతి తెలిసిన మూడో మనిషీ ఆయనే.

స్పీకర్ ఆన్ చేస్తుంది.

"అన్నా, బండి ఎనక ఊగుతున్నది."

"ఎట్ల ఊగుతున్నది చెల్లె?" గొంతు గుసగుసలా ఉంది. చుట్టూ గాలి హోరు.

"గంత మెల్లగ మాట్లాడుతున్నవేంది?"

"షెడ్డు కాడున్న. మంది ఉన్నరు. టైరుల గాలి పోయిందేమో. జర పక్కకు ఆపి చూడు."

గాలి పోతే ఒక పక్కకే లాగాలి. ఇది రెండు పక్కలా ఊగుతోంది.

"బయలెల్లేటప్పుడు రాడ్డుతోని కొట్టి చూసిన అన్నా. ఎనక టైర్లు రెండూ గట్టిగనే పలికినయ్."

"అయితే చక్రం నట్లు. ఆపి దిగు."

నట్లు వదులైతే స్టీరింగు వణకాలి. వణకడం లేదు.

"ఎనక ఇరుసు మీది కమాన్ పట్టీల క్లాంపు ఇరిగిందేమోనే. నా మాట ఇను. ఆపు."

క్లాంపు విరిగితే బ్రేకు నొక్కగానే అడుగున దబ్బుమనాలి. నొక్కి చూస్తుంది. చప్పుడు లేదు.

కానీ స్టీరింగు తేలిగ్గా ఉంది... మార్కెట్లో లేనంత తేలిగ్గా.

ముందు చక్రం తేలికైందంటే సరుకు వెనక ఇరుసు దాటినట్టేనని మట్టయ్య చెప్పేవాడు. ఇక ఆ తోక నీ మాట వినదు లక్ష్మీ, అనేవాడు.

బరువు వెనక్కి జరుగుతోంది.

తాడు కట్టిన సరుకు తనంతట తాను జరగదు. ఎవరో జరపాలి.

మౌనికా? రేకు మీద కొడుతుంది. జవాబు వెంటనే వస్తుంది. అదే క్షణంలో తోక దిగుతుంది...

మౌనిక ముందుంది. మరి వెనక ఎవరు?

ఆటో ఒకటి అడ్డం వచ్చింది. హారన్ నొక్కుతుంది. మట్టయ్య పెట్టించిన మూడు స్వరాల హారన్. నడిమి స్వరం ఏనాడో పోయింది. ఇలా మోగే బండి ఇంకోటి లేదు.

పీ... పోం.

ఫోనులోంచి... పీ... పోం.

యాదలక్ష్మి ఫోను వైపు చూసింది.

సరుకు కట్టడం కాగానే హమాలీ వెనక తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు, ఇక పో అని. మార్కెట్లో అది రివాజు. అవి పడకుండా ఏ డ్రైవరూ బండి తీయడు. ఈ సాయంత్రం అవి పడలేదు. భయంతో ఆగకుండా తీసేసింది.

కొట్టాల్సినవాడు బండెక్కి కూర్చున్నాడు!

"ఎందుకన్నా?"

గాలి. అందులోంచి అదే గుసగుస.

"నాకూ ఇద్దరు బిడ్డలున్నరు చెల్లె. ఓనరు వాళ్ల పేర్లు చెప్పిండు." క్రేటు ఈడ్చిన చప్పుడు. "నడుమ ఇంక రెండు క్రేట్లే ఉన్నయ్. ఆపు. నీ బిడ్డకు నొప్పి తెల్వకుంట చేస్త."

ఎదురుగా ఎల్‌బీ నగర్ దీపాలు. మెట్రో మొదటి స్తంభాలు. బస్సుల కోసం వందల మంది. ఇంతమందిలో ఒక్కరికీ ఆమె ఎవరో తెలియదు.

"ఆపుతున్న అన్నా."

ఎడమకు ఇండికేటరు వేస్తుంది. వేగం తగ్గిస్తుంది.

లోపలికి దూరినవాడు వెనక తాడు కట్టి ఉండడు. బరువంతా తలుపు దగ్గరకు చేర్చింది కూడా వాడే.

గుంత వస్తే మట్టయ్య రేకు మీద ఒకే ఒక్క దెబ్బ వేసేవాడు, గట్టిగా పట్టుకో అని. మౌనిక చిన్నప్పుడే నేర్చిన గుర్తు అది.

యాదలక్ష్మి ఆ దెబ్బ వేసింది.

యాక్సిలరేటరు తొక్కింది. కుడికి కోసి... ఒక్కసారిగా ఎడమకి!

తోక గిర్రున తిరిగింది.

ఢాం!

క్యాబిన్ రేకులో రూపాయి బిళ్లంత చిల్లు. వెనక తలుపు గొలుసు తెగింది. అద్దంలో, రోడ్డు నిండా బత్తాయిలు. వాటి మధ్య దొర్లుతున్న సీతారాములు. చేతిలోంచి ఎగిరిపోయిన తుపాకీ.

ఫోను కట్టయింది.

బండి తిన్నగా పోతోంది. ఊగడం లేదు.

రేకు మీద కొట్టింది. టక్, టక్.

జవాబు లేదు.

మళ్లీ. టక్, టక్.

లేదు.

చిల్లులోంచి గాలి ఒక్కటే వస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు దీపాలన్నీ అలుక్కుపోతున్నాయి. ఆపాలి. దిగాలి. చూడాలి. చూసే ధైర్యం ఎక్కడిది?

బ్రేకు మీదికి కాలు జరిగింది.

అప్పుడు రేకు మీద పడింది దెబ్బ. వేలితో కాదు. అరచేత్తో.

ఒకటి.

రెండు.

ఇక పో అని.