తాళం వేసిన గదిలో మీతా

దగ్గరికి రండమ్మా. ఆ గోడవార వద్దు, ఇటు నా పక్కన కూర్చోండి. మనవాళ్లు ఉద్యోగాలకు వలసపోయిన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో రోజమ్మకూ, ఆమె మనవరాలు రేబెకాకూ మధ్య జరిగిన సంగతి ఇది.

ఆ శుక్రవారం పొద్దున బడికి జడ వేసుకుంటూ రేబెకా చూసింది, మామ్మ ముందు మరమరాల గిన్నె అలాగే ఉంది.

"ఇవాళ కూడా తినవేటి మామ్మా?"

"ఆ మీతా బైటికొచ్చీదాకా నాకు శుక్రవారం ఉపాసమే. ఏటైనా తెలిసిందేటే?"

"ఇంకా గదిలోనే ఉంది. ఎవరికీ చెప్పకు, తాళం వేసినదానికి తెలిస్తే మీతాని చంపేస్తుంది."

మీతా తన క్లాసు పిల్ల అని రేబెకాయే చెప్పింది. ప్రాణస్నేహితురాలే మీతా వస్తువులు దాచి, పిచ్చి పట్టిందని అందరినీ నమ్మించి, మేడగదిలో పెట్టి తాళం వేసిందట. రోజూ మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక కొంత చెప్పేది. రోజమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వింటూ కళ్లు తుడుచుకునేది.

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. ప్రార్థన మనవులు చెప్పమనగానే రోజమ్మ ఆగలేకపోయింది. లేచి నిలబడి అంతా చెప్పేసింది. ఒకాయన పోలీసులకు ఫోన్ చెయ్యబోయాడు. రోజమ్మ కొడుకు దయానందం కూతురి వైపు తిరిగాడు.

"ఆ పిల్ల ఇల్లెక్కడే?"

రేబెకా దిండు కింద నుంచి నల్లట్ట పుస్తకం తెచ్చింది. "ఇందులో ఉంది డాడీ. ఇది కథ."

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. దయానందం పుస్తకాన్ని బీరువా మీదికి విసిరేశాడు.

"నేని పిల్ల కోసం నాసేత ఏడిపించినావేటే?" అంది రోజమ్మ. "మీ తాత పోయినప్పుడు కూడా ఇంత ఏడవనేదు."

"నువ్వు మాత్రం? నా తలమీద చెయ్యేసి ఎవరికీ చెప్పనన్నావు."

"నాను దేవుడికే సెప్పినాను."

"వీధంతా విన్నారు కదా మామ్మా."

వారమంతా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యాహ్నాలు రోజమ్మ గోడకు తిరిగి పడుకునేది. మళ్లీ శుక్రవారం వచ్చింది. ఇక ఉపవాసం ఎవరికోసమని మరమరాలు గుప్పిట్లోకి తీసుకుంది. చెయ్యి నోటిదాకా పోలేదు.

"ఎందుకు అబద్దమాడినావే?"

"పుస్తకం కథంటే సైతాను రాతలంటావు. నా స్నేహితురాలన్నాకే నా చెయ్యి పట్టుకున్నావు. ఈ ఇంట్లో అంతసేపు నా మాట ఎవరు విన్నారు మామ్మా?"

రోజమ్మ గుప్పిట్లో మరమరాలు మళ్లీ గిన్నెలో పోసేసింది. తర్వాత అడిగింది. "ఆ పిల్ల బైటికొచ్చిందా?"

"చివర చదవలేదు. డాడీ బీరువా మీద పడేశాడు కదా."

"ఒరే దయానందం, ఆ పుస్తకం దించు."

"అమా, పిల్లలకి ఆ హత్యలూ పిచ్చీ ఏటే?"

"ఆ ఈడు పిల్లలకోసమే రాసేరట. ఉపాసమున్నది నాను. ఆ పిల్ల ఏటయిపోయిందో తెలీకుండా ముద్దెలాగ మింగనురా?"

రేబెకా ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పసాగింది. షాలిమార్ రైల్వే యార్డుకు డ్యూటీకి బయలుదేరిన దయానందం ఒక కాలికి బూటుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. కథ చివర కిటికీ ఊచ వంచుకుని మీతా బయటపడింది. పారిపోలేదు. స్నేహితురాలి ఎదుట నిలబడి, "నిన్ను నమ్మినందుకా ఇదంతా?" అని అడిగింది.

అక్కడ రేబెకా చదవడం ఆపి మామ్మ వైపు చూసింది. రోజమ్మ ఆ చెయ్యి మళ్లీ పట్టుకుంది. ఏడుస్తూనే ఇద్దరూ ఒక్క గిన్నెలో మరమరాలు తిన్నారు.

గుర్తుంచుకోండమ్మా, మీ పిల్లలకీ ఇలాగే చెప్పండి. ఇది కథ అని ముందే చెప్పెయ్యండి. చివర మీతా బయటికొచ్చిందని చెప్పడం మాత్రం మరిచిపోకండి. లేకపోతే పాపం, ఎవరో ఒకరు అన్నం మానేస్తారు.